వెనక వరసలో సంతోషం

కూలింగ్ ఆఫ్ అన్నారు, ఆఫ్ చేయించాను, ఇందులో నా తప్పేముంది? ఆగస్టు నెల, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు, ఎటోబికోలో ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్ల మధ్య అద్దెకు తీసుకున్న హాలు, లోపల రెండువందల మంది. అందరి చేతుల్లోనూ కార్యక్రమ పత్రాలు విసనకర్రలైపోయాయి, ఒక్కరూ చదవడం లేదు, అందరూ విసురుకుంటున్నారు, రాసినవాణ్ణి నేను, బాధగా ఉండదా? సంతోషం గారి భార్య జయమణి గారు నిన్న ఫోన్ చేసినప్పుడు నేను నా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో ఉన్నాను, కారు రివర్సులో ఉంది, స్టీరింగు నా స్టూడెంట్ హోప్ చేతిలో ఉంది, నా ప్రాణం ఆ పిల్ల ఏ అద్దంలోకి చూస్తుందో ఆ అద్దంలో ఉంది. ఆ బీప్ బీప్‌ల మధ్య "అన్నయ్య గారూ, ఆయన... కూలింగ్ ఆఫ్... మర్చిపోకండి" అని మూడు ముక్కలు చెవిన పడ్డాయి, ఆ మూడింటితోనే అర్థమైపోయింది. అరవై దాటిన మనిషి, చల్లగాలికి మెడ పట్టేస్తుంది, సహజం. పొద్దున రాగానే మా తెలుగు సంఘం కార్యదర్శి తారక్‌ను పిలిచి, సంతోషం గారికి కూలింగ్ పడదట, ఏసీ కట్టించెయ్ అన్నాను. తారక్ వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, నలభై దాటినా ఎందుకని అడగని మనిషి, అందుకే కార్యదర్శి అయ్యాడు. కట్టేశాడు. ఇప్పుడు స్టేజి మీద బల్ల, బల్ల మీద మడత పెట్టిన శాలువా. హాల్లో చలువ లేదు, శాలువా ఉంది. దీన్ని ఎవరికి కప్పినా అది సన్మానం కాదు, శిక్ష. బల్ల పక్కన కుర్చీలో నేను, కాశీవిశ్వనాథం, వ్యాఖ్యాతను, మైకు అక్కర్లేని గొంతువాణ్ణి, చెమట్కారం చేస్తూ కూర్చున్నాను. చమత్కారం నాలుగింటికి, బ్రెండా వచ్చాక.

బ్రెండా మా ప్రాంతపు ఎంపీ, ఇప్పటి ఎంపీ. కొత్తగా దిగిన విద్యార్థులకు స్వాగతం చెప్పే సభ ఇది, ఈ రెండేళ్ళలో వాళ్ళు వానలా కురిశారు, స్వాగతం చెప్పేలోగానే ఇంకో విమానం దిగుతోంది, ఇదిగో ఇప్పుడూ నెత్తిమీద నుంచి ఒకటి, హాలు కప్పు గడగడలాడింది, ఇందులో ఎంతమందో, ఏ బేస్‌మెంటుకో. ఒకదాంట్లో ఏడుగురు, ఇంకోదాంట్లో తొమ్మండుగురు, ఎప్పుడూ బేసి లెక్కే, అందుకే నేను బేసిమెంటు అంటాను, పిల్లలు నవ్వరు, పరుపులు చాలక అలసిపోయి ఉంటారు పాపం. నాకు డ్రైవింగ్ పాఠాలు మాత్రం పెరిగాయి, అబద్ధమెందుకు. ఇంతకీ కార్యక్రమం. బ్రెండా వస్తుంది, దీపం వెలుగుతుంది, తర్వాత సంతోషం గారు ముందు వరస నుంచి లేస్తారు, ఆవిడకు శాలువా కప్పుతారు, అప్పుడు నా జేబులో ఉన్న వినతిపత్రం ఆయన చేతిలో పెడతాను, ఆయన ఆవిడ చేతిలో పెట్టి ఒక్క మాట చెబుతారు. ఒక్క మాట చాలు. కాగితం పెద్ద చేతి నుంచి పెద్ద చేతికి వెళ్ళాలి, అది మన పద్ధతి. చిన్న చేతి నుంచి వెళ్తే అది వినతిపత్రం కాదు, వినని పత్రం.

అదిగో వచ్చారు. వచ్చారు కానీ ఆయన ఎటు వెళ్తున్నారు? ముందు వరస ఇటు. నడిమధ్యన ఎర్ర గుడ్డ కప్పిన కుర్చీ, దాని మీద "శ్రీ సంతోషం గారు, ఎం.పి." అని అట్టముక్క, తారక్‌తో దగ్గరుండి రాయించాను. మాజీ అని రాయబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. మనలో మాజీలు ఉండరు. తెనాలిలో మా వీధిలో ఇద్దరు ఓడిపోయిన ఎమ్మెల్యేలు ఉండేవారు, పోయేదాకా ఎమ్మెల్యే గారే, పదవి పోయినా పెదవి పోలేదు, పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే కాగితాలు పట్టుకుని జనం. కాగితం మీద ఆయనొక ముక్క రాసేవాడు, ఆ ముక్క గుంటూరు దాకా నడిచేది. మరి ఈయనేమిటి, తలుపు పక్కన, మంచినీళ్ళ డ్రమ్ముకీ బాత్రూమ్ దారికీ మధ్యన, చిట్టచివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. చెయ్యి ఊపాను. ఆయనా ఊపారు. రండి అన్నట్టు ఊపాను. హాయిగా ఉంది అన్నట్టు ఊపారు. వెనక వరసలో సంతోషం, ముందు వరసలో ఖాళీ. ఇదెక్కడి పొగరు? పొగరు ఆయన్లో ఎప్పుడూ లేదు. 2015లో ఆయన నిలబడినప్పుడు ఇంటింటికీ నా కారులోనే తిప్పాను, కారు మీద "స్టూడెంట్ డ్రైవర్" బోర్డు తీయడం మరిచిపోయి పదకొండు రోజులు తిప్పాను. జనం జాలిపడి దారి ఇచ్చారు, తర్వాత ఓటూ ఇచ్చారు. నాలుగేళ్ళు ఒట్టావాలో, పార్లమెంటులో ఉన్నారు. 2019లో ఓట్లు పోయాయి, సంతోషం పోలేదు, మళ్ళీ సోమవారమే తన పాత మందుల షాపులో తెల్లకోటు వేసుకుని కౌంటరు వెనక నిలబడ్డారు. షుగరు మాత్రలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఎంపీ గారూ అనే పిలిచేవారు. ఒక్కసారి కూడా వద్దనలేదు, పిలిస్తే పలికే మనిషి, ఎవరు పిలిచినా. పోయినేడాది ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు పిలిచి, కమ్యూనిటీ సలహాదారు అని కుర్చీ వేసి, నెలనెలా జీతమిచ్చారు. మంచిదే, సలహాదారు అంటే శాలరీదారు. ప్లాజాలో పిజ్జా షాపు పైన ఉంటుంది ఆ కాలేజీ, చదువు ఎలా ఉన్నా వాసన బాగుంటుంది.

హోప్ చదివింది అక్కడే. అదిగో మూడో వరసలో, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, ఆ ఫైలును ఒక్కసారి కూడా విసనకర్ర చేసుకోకుండా. కాకినాడ పిల్ల, చిన్నపిల్లల సంరక్షణ కోర్సు రెండేళ్ళు చదివింది, డేకేర్‌లో ఉద్యోగం కూడా దొరికింది, ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు. మధ్యలో కాలేజీవాళ్ళు కోర్సుకు ఇంకా గొప్ప పేరు పెట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చేరినప్పటి కాగితం మీద ఒక పేరు, సర్టిఫికెట్ మీద ఇంకో పేరు, వర్క్ పర్మిట్‌కు అప్లై చేస్తే ఇది వేరు అది వేరు అని తిప్పి పంపేశారు. ఒక్క హోప్‌కే కాదు, ముప్పై ఎనిమిది మందికి. సరిదిద్దుకోవడానికి తొంభై రోజులు గడువు, అందులో డెబ్బై ఒకటి అయిపోయాయి. ఒట్టావాలో ఎవరైనా ఒక్కరు ఆ ఫైళ్ళన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే రెండు పేర్లూ ఒకే కోర్సువని రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎవరైనా చూడాలి. చూడమని ఎవరైనా అడగాలి. నిన్న పార్కింగ్ అయ్యాక ఇంజిన్ ఆపి హోప్ అడిగింది, "అంకుల్, బ్రెండా వస్తున్నారు కదా, నేనే మాట్లాడనా?" అని. నవ్వేశాను. "నువ్వు ముందు మిర్రర్ చూడమ్మా, ఎంపీలను మేం చూసుకుంటాం" అన్నాను. చూసుకుంటాం అనడంలో ఒక సుఖం ఉంది, చెప్పినవాడికి. ముప్పై ఎనిమిది మందికీ చెప్పాను. ఎవరు? నేను. ఏమిటి? చూసుకుంటాను. ఇంక పంతొమ్మిది రోజులు.

మూడున్నర. ముందు వరస పిన్నులందరూ పమిటలతో విసురుకుంటున్నారు, వాళ్ళ మధ్యలోంచి జయమణి గారు స్టేజి మెట్లెక్కి వస్తున్నారు, బొట్టు లేని ఆ నిండు ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"అన్నయ్య గారూ, ఏసీ చెడిపోయిందా?"

"లేదమ్మా, మీరు చెప్పారుగా, కట్టించేశాను."

"నేనా? నేనేం చెప్పానండీ?"

"ఆయనకు కూలింగ్ పడదని."

ఆవిడ నా వంక చూశారు, హాలు వంక చూశారు, విసురుకుంటున్న రెండువందల కార్యక్రమ పత్రాల వంక చూశారు. "అయ్యో ప్రభువా" అని పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదలడం ఆగాక చెప్పారు. "ఏసీ సంగతి కాదండీ బాబూ. ఆయన కూలింగ్ ఆఫ్ పీరియడ్‌లో ఉన్నారు అన్నాను. ఎంపీగా చేసి దిగిపోయినవాళ్ళు ఐదేళ్ళ దాకా ఎవరి దగ్గరా జీతం తీసుకుని వాళ్ళ తరఫున గవర్నమెంటు వాళ్ళ దగ్గర మాట్లాడకూడదట, చట్టం. ఆయనకింకా పద్నాలుగు నెలలుంది. మరి ఆ కాలేజీ జీతం తీసుకుంటున్నారు కదా?"

"ఒక్క కాగితమమ్మా. చేతిలో పెట్టడమే."

"అదేనండీ మాట్లాడటం అంటే. మొన్న గ్రోసరీలో బ్రెండా కనిపిస్తే ఈయన వెళ్ళి బియ్యం బస్తాల వెనక నిలబడ్డారు. హలో అంటే నేరమాండీ అన్నాను. హలో తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు జయా అన్నారు." నవ్వు ఆగిపోయింది. "మీరు మైకులో పిలిస్తే ఆయన రాకుండా ఉండలేరు. అది మీకూ తెలుసు. పిలవకండి అన్నయ్య గారూ."

వెళ్ళిపోయారు. నేను ఏసీ వేయించాలి. లేవాలి. లేవలేదు. జేబులో కాగితం చెమటకు మెత్తబడుతోంది. పద్నాలుగు నెలలు ఆయనవి, పంతొమ్మిది రోజులు వీళ్ళవి, ఏది పెద్ద లెక్క? ఇలా మాట్లాడటాన్ని ఇక్కడ లాబీయింగ్ అంటారు, లాబీ అంటే హోటళ్ళలో సోఫాలుండే చోటు అనుకునేవాణ్ణి, ఆ సోఫాల్లో కూర్చుని లాభం మాట్లాడుకుంటే అదే లాబీయింగ్ కాబోలు, లాభీయింగ్ అని ఒత్తు పెట్టి రాయాలి. కానీ ఇక్కడ లాభమెవరికి? పిల్లలకు. పిల్లలకేనా? పేరు మార్చి ముంచిన కాలేజీకి కూడా. తప్పు దానిది, జీతం దానిది, సర్దేది సంతోషం గారి ముఖం చూసి బ్రెండా. అయితేనేం, ఆయన మంచివాడు, మంచివాడికి రూలెందుకు? ఎవరు చూస్తారు, హాల్లో అందరూ మనవాళ్ళే, మనవాళ్ళకు ఇది తప్పని కూడా తెలియదు, చప్పట్లు కొడతారు. పిలుస్తాను, వస్తారు, ఇస్తారు, అయిపోతుంది. మా నాన్న కాగితం అయిపోలేదా? మా నాన్న బడిపంతులు, బదిలీ కావాలి, అరుగు మీది పాత ఎమ్మెల్యే ఒక ముక్క రాశాడు, పదిహేను రోజుల్లో నాన్న తెనాలి బడికి వచ్చేశాడు, అమ్మ పాయసం చేసింది. నాకు పదేళ్ళు, ఆ పాయసంలో జీడిపప్పు ఎన్నో కూడా గుర్తుంది. తర్వాతెప్పుడో బస్టాండులో ఒకాయన నాన్నకు నమస్కారం పెట్టాడు, త్యాగరాజు మాస్టారు, తెనాలి బడిలో ఆ సీటు ఆయనది, నాన్న రావడానికి ఆయన్ను ఎక్కడో కొండల్లోకి తోశారు. పేరుకు తగ్గట్టు త్యాగం చేశాడు, అడక్కుండానే చేయించారు. బాగున్నారా అని ఆయనే అడిగాడు. నాన్న సోడా ఇప్పించాడు, ఆ సోడా అయ్యేదాకా ఇద్దరూ నేల చూశారు. పెద్ద చేతి కాగితం కింద ఎప్పుడూ ఇంకొకరి కాగితం నలుగుతుంది, మనకు కనిపించదు, మనం పాయసంలో ఉంటాం. ఈ ముప్పై ఎనిమిది మంది సరే. దిగిపోయిన ఎంపీకి జీతమివ్వలేని కాలేజీల్లో చదివే పిల్లలో? వాళ్ళ ఫైళ్ళు ఏ అడుగున? మన కోసం లేచి నిలబడేది సంతోషం గారు, రేపు వాళ్ళ నెత్తిన కూర్చునేది ఇంకో కంపెనీ జీతమిచ్చే ఇంకో మాజీ. ఆయనకు మన సంతోషం గారి మనసు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రూలుకు మనసులు కనపడవు, అందుకే అది ఐదేళ్ళు లెక్కపెడుతుంది.

హోప్ మూడుసార్లు టెస్టు ఫెయిలయింది. మూడుసార్లూ స్టాప్ సైన్ దగ్గరే. బండి ఆగీ ఆగనట్టు, చక్రం తిరిగీ తిరగనట్టు, జారించేస్తుంది, ఇండియా నుంచి వచ్చిన ప్రతివాడూ అంతే, నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. "రోడ్డు మీద ఎవరూ లేరు కదా అంకుల్" అంది. "ఎవరూ లేరు కాబట్టే ఆగాలమ్మా, ఎవరైనా ఉంటే ఎలాగూ ఆగుతావు కదా. చక్రం పూర్తిగా ఆగాలి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టాలి, అప్పుడు వెళ్ళాలి" అన్నాను. ఎంత గొప్పగా అన్నాను. ఫీజు తీసుకుని అన్నాను. పక్క సీట్లో కూర్చుని చెప్పడం తేలిక. ఆయన అక్కడ, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన, ఖాళీ రోడ్డు మీద, మూడేళ్ళ పది నెలలుగా బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక నుంచి హారన్ కొడుతున్నది నేను.

తలుపు తెరుచుకుంది. బ్రెండా. నీలం గౌను, నవ్వు, రెండో అడుగులోనే "ఓ, ఇట్స్ వార్మ్!" అని నుదురు తుడుచుకుంది. సంతోషం గారు ఆమెకు రెండు గజాల దూరంలో ఉన్నారు, ఒంగి షూ లేసు కట్టుకుంటున్నారు. ఆయన వేసుకున్నవి చెప్పులు. దీపం వెలిగింది, చప్పట్లు, తారక్ మైకు నా చేతికిచ్చి కార్యక్రమ పత్రం మీద వేలు పెట్టి చూపించాడు, శాలువా, వినతిపత్రం, సంతోషం గారు. మూడో వరసలోనూ దాని వెనకా ముప్పై ఎనిమిది జతల కళ్ళలో కనీసం ఇరవై జతలు నా మీద ఉన్నాయి. చూసుకుంటాను అన్నాడుగా అంకుల్, చూడనీ. నోరు దానంతట అదే మొదలుపెట్టేసింది, ఇరవై ఏళ్ళ అలవాటు, "ఇప్పుడు మన సం..." వెనక వరసలో ఆయన లేచారు. లేస్తూనే చొక్కా సర్దుకున్నారు. పిలిస్తే పలికే మనిషి, ముఖం పాలిపోయింది, అయినా లేచారు. జయమణి గారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. చక్రం ఆపు. పూర్తిగా. ఒకటి. విమానం ఇంకొకటి. రెండు. హాల్లో విసరడం ఆగింది. మూడు.

"...సంకోచం లేకుండా," అన్నాను, "మన సంకోచం కాస్త పక్కన పెట్టి, ఇప్పుడు హోప్‌ను స్టేజి మీదికి రమ్మని కోరుతున్నాను."

హోప్ లేవలేదు. చుట్టూ చూసింది, ఇంకో హోప్ ఎవరైనా ఉన్నారేమోనని. తర్వాత ఫైలు గుండెకు అదుముకుని వచ్చింది. నా జేబులోని కాగితం తీసి ఇవ్వబోతే "వద్దంకుల్, నా దగ్గర ఉంది" అంది, ఉంది, దానిదే నీట్‌గా ఉంది, నాది చెమటలో ముద్దయింది. రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడింది, ఒక్క మేడమ్ లేదు, ఒక్క దయచేసి లేదు, రెండు పేర్లు, ఒక కోర్సు, ముప్పై ఎనిమిది మంది, పంతొమ్మిది రోజులు. ఒక్కచోటే ఆగి ఫైలు సర్దుకుంది, డేకేర్ దగ్గర. నేను ముప్పావుగంటలో కూడా చెప్పలేను, మధ్యలో శ్లేష వేసి చెడగొడతాను. బ్రెండా నవ్వడం మాని విన్నది. నువ్వు ఏ వీధిలో ఉంటావని అడిగింది. హోప్ చెప్పింది. "అది నా ఏరియానే కదా, మరి నా ఆఫీసుకు ఎందుకు రాలేదు? ఆఫీసు ఉన్నది ఇలాంటివాటికేగా?" అంది బ్రెండా. హోప్ నా వంక చూసింది. పిల్లలందరూ నా వంక చూశారు. అక్కడితో ఆగితే బాగుండేది, తారక్ కూడా నా వంక చూశాడు, జన్మలో మొదటిసారి ఎందుకు అన్నట్టు. "మాట ఇవ్వలేను, అడుగుతాను. ఎవరు వచ్చినా అడుగుతాను. రేపు తొమ్మిదిన్నరకు అందరి ఫైలు నంబర్లూ తీసుకుని రా" అని బ్రెండా తన కార్డు హోప్ చేతిలో పెట్టింది. చిన్న చెయ్యి, పట్టుకోవడం మాత్రం గట్టిగా పట్టుకుంది. స్టేజి దిగిన హోప్ తన వరస దాకా వెళ్ళకుండానే, కార్డు మీదే కళ్ళు పెట్టి, కనిపించిన మొదటి కుర్చీలో కూర్చుండిపోయింది. ఎర్ర గుడ్డ కుర్చీ. అట్టముక్క ఆమె ఒళ్ళోకి వచ్చింది. ఎవరూ లేపలేదు.

ఇక నా వంతు. ఇరవై ఏళ్ళుగా ఈ మైకులో అందరి మీదా జోకులు వేశాను, ఇవాళ నా మీద నేనే. "అయ్యా, అమ్మా, ఈ హాలు కుంపటి ఎందుకయిందో చెప్పాలి. ఏసీ చెడలేదు. నా చెవి చెడింది. నిన్న జయమణి గారు ఆయన కూలింగ్ ఆఫ్‌లో ఉన్నారు అంటే, నేను కూలింగ్ ఆఫ్ చెయ్యమన్నారు అనుకున్నాను. సంతోషం గారికి పడనిది చల్లగాలి కాదు. ఎంపీగా దిగినవాళ్ళు జీతం పుచ్చుకునే చోటి పనికోసం ఐదేళ్ళు ప్రభుత్వం గడప తొక్కకూడదని చట్టం. నేను తొక్కించబోయాను. ఆయన మూడేళ్ళ పది నెలలుగా తనంతట తానే చల్లారుతుంటే, ఇవాళ నేను మీ అందరినీ ఉడకబెట్టాను. ఇకనుంచి ఆయన్ను నేను మాజీ ఎంపీ గారు అంటాను. అది తిట్టు కాదు. ఆ మాజీ అనే రెండక్షరాలనూ ఆయన చాలా కష్టపడి కాపాడుకుంటున్నారు." తారక్ గబగబా ఇంగ్లీషులో చెబుతున్నాడు, బ్రెండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వుతోంది, పిన్నులు పమిటలు వదిలేసి నవ్వుతున్నారు. వెనక వరసలో ఆయన ఇంకా నిలబడే ఉన్నారు, బ్రెండా వైపు పొరపాటున కూడా చూడకుండా, సూటిగా నా వంకే చూస్తూ, ఈ మధ్యాహ్నానికంతటికీ మొదటిసారి నోరు తెరిచారు.

"కాశీ, ఏసీ వేయించవయ్యా. నువ్వు ప్రభుత్వం కావుగా, నిన్ను అడగొచ్చు."